మేస్త్రికిచ్చిన తాళాలు

టైలరమ్మకు పాత ఇళ్లంటే పిచ్చి. పెచ్చులూడిన గోడలు, బిగుసుకుపోయిన తలుపులు, కారే కుళాయిలు ఉన్న ఇల్లు ఎక్కడైనా అమ్మకానికి వచ్చిందంటే చాలు, కుడుతున్న యూనిఫాం మిషను మీదే వదిలేసి చూడటానికి వెళ్లిపోయేది.

"ముసలి ఇళ్లకి నువ్వేమన్నా డాక్టరువా?" అని బస్సు డ్రైవరైన భర్త ఆటపట్టించేవాడు.

"డాక్టర్నే. రోగి బాగుపడ్డాక నెలనెలా ఫీజొస్తుంది, చూస్తూ ఉండు" అనేది.

అన్నట్టుగానే కుట్టుపని మీద కూడబెట్టి ఒక చిన్న ఇల్లు కొంది, బాగుచేయించి అద్దెకిచ్చింది. ఆ ధైర్యంతో బ్యాంకు అప్పు తీసుకుని వీధి మలుపులో రెండంతస్తుల ఇల్లు కొంది.

మొదటి ఇంటి దగ్గర పనివాళ్లతో ఆమె పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఒకడు అడ్వాన్సు పుచ్చుకుని ఫోనెత్తడం మానేశాడు. ఇంకొకడు బాత్రూంలో నీళ్లు తూముకి కాకుండా గుమ్మంలోకి పారేలా గచ్చు చేసి, "కాలితో తోస్తే పోతాయిలెండమ్మా" అన్నాడు. ఆ గచ్చు బాగుచేయడానికి వచ్చినవాడే మేస్త్రి. అంతా పగలగొట్టి, మళ్లీ వేసి, బకెట్టుడు నీళ్లు గుమ్మరించి చూపించాడు. "చూడక్కా, ఎలా పరిగెడుతున్నాయో!" అని చిన్నపిల్లాడిలా నవ్వాడు.

ఆ రోజు నుంచి అతను ఆమెకు తమ్ముడైపోయాడు. ఏ పనికైనా నలుగురిని పిలిచి రేటు అడగడం మానేసింది. అతను పరంజా మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే ఆసుపత్రికి రోజూ క్యారియర్ పట్టుకెళ్లింది. అతనికి కూతురు పుడితే మెత్తటి గుడ్డ వెతికి మరీ గౌన్లు కుట్టింది. రెండంతస్తుల ఇంట్లో కింది వాటా ఖాళీ అయినప్పుడు, మాటిమాటికీ తిరగలేక, ఆ వాటా తాళాలు కూడా అతని చేతికే ఇచ్చింది.

కొన్నాళ్లకు ఆ వాటా వెనక గోడలో పగులు కనిపించింది. మేస్త్రే చూపించాడు. ముందు వెంట్రుకలా ఉంది. తర్వాత గోరు దూరేంత అయింది. పూత పూసి చూశాడు, మళ్లీ విచ్చుకుంది.

"అక్కా, నా మాటినకపోతే తర్వాత బాధపడతావు. పునాది కుంగుతోంది. ఇప్పుడైతే కొనేవాడు దొరుకుతాడు. రేపు పైవాటా కూడా కదిలిందంటే ఎవడూ చూడడు. నాకు తెలిసిన పార్టీ ఉంది, పగులుతో సహా తీసుకుంటానంటున్నాడు."

పార్టీ చెప్పిన ధర మరీ తక్కువ. అప్పు మాత్రం తీరుతుంది, చేతికి ఏమీ మిగలదు. అయినా నిద్రపోతున్న పైవాటా వాళ్ల మీద కప్పు కూలినట్టు ఊహించుకుని సరేనంది. ఇంకో మేస్త్రికి చూపిద్దామా అని భర్త అంటే కస్సుమంది. "నీకు సొంత తమ్ముడైతే ఇలాగే అంటావా?"

ఇల్లు అమ్ముతున్నానని చెప్పడానికి పైవాటాకి వెళ్లింది. అక్కడ ఉండేది నర్సు. ఆమె అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి తల దువ్వుకుంటోంది.

"తెలుసు ఆంటీ. మేస్త్రిగారు కొంటున్నారటగా? మంచిపనే, ఇంటి సంగతి ఆయనకి బాగా తెలుసు."

"మేస్త్రి కాదమ్మా, ఎవరో పార్టీ."

నర్సు దువ్వెన ఆపింది. "అదేంటి, వాళ్లావిడ వచ్చి గదులన్నీ కొలుచుకుని వెళ్లిందే? మంచం ఈ కిటికీ పక్కన వేస్తే పాపకి ఎండ తగలదు కదా అని నన్నే అడిగింది. కొనేది వాళ్లన్నయ్య పేరు మీదని కూడా చెప్పింది."

"అంటే ఆ పార్టీ వాళ్లన్నయ్యా?" అంది టైలరమ్మ. ఆమె ముఖం చూసి నర్సు కంగారుగా, "పోన్లెండి, వెనక గోడ పని త్వరగా అయిపోతే నాకదే చాలు. నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకుంటే కింద ఉలి పెట్టి టకటకా కొడుతుంటారు. అడిగితే, మీరే చెయ్యమన్నారని చెప్పారు" అంది.

కిందికి దిగి పగులు దగ్గర వేళ్లు పెట్టి చూసింది. అంచుల్లో ఉలి గాట్లు కొత్తగా, తెల్లగా ఉన్నాయి. వెంటనే వేరే మేస్త్రిని పిలిపించింది. అతను పూత ఊడదీసి, పునాది చుట్టూ తవ్వి చూసి, "కుంగడమా? ఇది చేత్తో చేసిన పగులమ్మా" అన్నాడు.

తమ్ముడు ఇంకెవరిదో కాంపౌండు గోడ కడుతున్నాడు. ఆమె రావడం చూసి తాపీ కింద పెట్టాడు. అడిగితే అతని గొంతు మారింది.

"ఆ ఇంట్లో నా చెయ్యి పడని ఇటుక లేదక్కా. నువ్వు మెట్ల దగ్గర నిలబడి బాగుంది అనేదానివి, అంతేగా. పని చేసి చేసి నాదే అనిపించింది."

"నన్నడగొచ్చు కదరా."

"అడిగితే ఇచ్చేదానివా?"

ఇచ్చేది కాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా కన్నీళ్లు ఆగలేదు. "ఆ మిద్దె పడి ఎవరైనా చచ్చిపోతారేమో అని నేను అన్నం తినలేదురా" అంది.

అతను తల దించుకున్నాడు. ఆమె చెయ్యి చాపితే తాళాలు తీశాడు. తన ఇంటి తాళాలూ, ఆమె ఇంటి తాళాలూ ఒకే రింగుకి ఉన్నాయి. సిమెంటు పట్టిన గోళ్లతో వాటిని విడదీయడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ ఆమె అలాగే చెయ్యి చాపి నిలబడింది.

ఇల్లు అమ్మలేదు. గోడ పూత ఒక్క పూటలో అయిపోయింది. పోలీసుల దగ్గరికి వెళ్దామని భర్త ఎంత పోరినా, "ఏమని చెప్పను? తమ్ముడు గోడ చెక్కాడనా?" అని కొట్టిపారేసింది.

ఆ తర్వాత పైవాటా సింకు కింద గొట్టం కారితే కొత్త ప్లంబరును పిలిచింది. నెమ్మదైన మనిషి. అతను బిగించిన ప్రతి జాయింటునూ ఆమె టార్చి వేసి, వేలు పెట్టి చూసింది. కొత్త వాషర్ల ప్యాకెట్టు కూడా చేతిలోకి తీసుకుని తిప్పితిప్పి చూసింది. చివరికి అతను రెంచీ పక్కన పెట్టేశాడు.

"అమ్మా, నమ్మకం లేకపోతే వేరేవాళ్లని పిలుచుకోండి. ఇలా చూస్తుంటే నా చేతులు ఆడటం లేదు."

అతని మాటలో తప్పేమీ లేదని ఆమెకు తెలుసు. అతను మంచివాడే అయి ఉంటాడనీ అనిపించింది.

"మీరు కానివ్వండి. ఏమీ అనుకోకండి, నేను ఇక్కడే కూర్చుంటాను" అంటూ వంటింటి గుమ్మంలో స్టూలు వేసుకుంది.