దొంగ మంచివాడే, నెయ్యే కల్తీ

ఆ రోజుల్లో, అంటే మరీ పాతకాలం కాదు, పన్నెండేళ్ల కిందటి మాట, నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. నేను రాస్తే జనం మారిపోతారన్నది ఒకటి. మారకపోతే తప్పు జనానిదేనన్నది రెండోది. ఈ రెండిటినీ వెంటబెట్టుకుని బెంజ్ సర్కిల్ దగ్గర ఒక సెల్‌ఫోన్ల కొట్టు మీద, రెండు గదుల్లో నడిచే సీరియల్ కంపెనీలో సహాయ రచయితగా చేరాను. (ఎవరికి సహాయంరా అని మా నాన్న అడిగేవాడు. అసలు రచయిత మూడో వారమే మానేశాడు మరి.) సీరియల్లో హీరో ఒక దొంగ. నిర్మాతని ఆఫీసులో అందరూ బాబాయిగారనే పిలిచేవాళ్లు. చేరిన రోజే ఆయన నన్ను కూర్చోబెట్టి, "చూడవయ్యా, మనోడు దొంగే గానీ మంచోడు. ఆడవాళ్లు అన్నాలు తింటా చూస్తారు. అమాయకుల జోలికి మాత్రం పోకూడదు, గుర్తెట్టుకో" అన్నారు. నాకు ఒళ్లు పులకరించింది. విలువలున్న నిర్మాత దొరికాడని ఇంటికెళ్లి గొప్పగా చెప్పుకున్నాను.

ఆ విలువల బరువెంతో నెల తిరక్కుండానే తెలిసింది. సీరియల్ వారానికి ఐదు రోజులు వస్తుంది. దొంగ అన్నాక వారానికి ఒక ఇంట్లోనైనా దొంగతనం చెయ్యాలి. ఆ ఇంటివాళ్లు అమాయకులు కాకూడదు. అంటే కృష్ణా జిల్లాలో వారానికో దుర్మార్గుణ్ణి నేను పుట్టించాలి. రేషన్ డీలర్లయ్యారు, నకిలీ విత్తనాల వాళ్లయ్యారు, కాలేజీల వాళ్లయ్యారు. ఒకరోజు రైసు మిల్లుల వాళ్లు నలుగురు మెట్లెక్కి వచ్చి, "దొంగనేమో దేవుణ్ణి చేశారు, మమ్మల్నేమో దొంగల్ని చేశారు, ఇదెక్కడి న్యాయమండీ?" అని అడిగారు. బాబాయిగారు వాళ్లకి టీలు తెప్పించి, మిల్లులవాళ్లని అప్పటితో వదిలెయ్యమన్నారు. ఇటు దొంగ రోజురోజుకీ మరీ మంచివాడైపోతున్నాడు. బీరువా ఖాళీ చేశాక చీరలు మడతపెట్టి సర్దేవాడు, వెళ్లేముందు కుక్కకి నీళ్లు పెట్టేవాడు. ఆ కుక్క సీను రాసింది నేనే, అప్పట్లో దాని మీద నాకు చాలా గర్వంగా ఉండేది.

ఇలా ఉండగా ఒక వారం షూటింగుకి ఇల్లు దొరకలేదు. నేను వీరుడిలా ముందుకొచ్చి చల్లపల్లిలో మా పెద్దమ్మ ఇల్లు చూపించాను. పెద్దమ్మ సంబరం చెప్పనలవి కాదు. నలభై మందికి పులిహోర కలిపింది, మజ్జిగ పోసింది. ముసలావిడ వేషం వేసే నటికి బట్టల పెట్టె సమయానికి రాకపోతే బీరువా తీసి తన చిలకపచ్చ చీర ఇచ్చింది. అంతా సిద్ధమయ్యాక దర్శకుడు, "ఇంతకీ ఈ ఇంటావిడ చేసిన పాపం ఏంటండీ?" అన్నాడు. ఆ ముక్క నేనింకా రాయలేదు. పెరట్లోకి వెళ్లి నాలుగు వైపులా చూశాను. పెద్దమ్మకి రెండు గేదెలున్నాయి. ఆవిడ కాచిన నెయ్యంటే వీధి వీధంతా ప్రాణం పెట్టేది. పొయ్యి మీద నెయ్యి గిన్నె కనబడగానే నా కలం ఆగలేదు. పైకి మహాలక్ష్మిలా కనిపించే ఈ ముసలావిడ నేతిలో వనస్పతి కలిపి పిల్లల హాస్టలుకి పోస్తుంది, అది తెలిసే దొంగ వచ్చాడు. పావుగంటలో అయిపోయింది.

తన ఇల్లు టీవీలో వస్తోందని పెద్దమ్మ వీధి మొత్తాన్నీ పిలిచి, చాపలు పరిచి, అందరికీ చూపించింది. ఎపిసోడ్ అవగానే నాకు ఫోను.

"ఏరా, మన పెరట్లో ఆవిడెవరో వనస్పతి డబ్బాలు ఒంపుతుందేంట్రా?"

"అది కథ పెద్దమ్మా."

"కథేలే. పొయ్యి నాది, గిన్నె నాది, ఒంటిమీద చీర కూడా నాదే కదరా!"

మర్నాడు ఎదురింటి పోస్టుమాస్టరుగారి భార్య, ఇరవయ్యేళ్లుగా పెద్దమ్మ దగ్గరే నెయ్యి పోయించుకుంటున్న మనిషి, "డాక్టరుగారు నెయ్యి మానెయ్యమన్నారు వదినా" అని గుమ్మంలోంచే చెప్పి వెళ్లిపోయింది. వారం తిరిగేసరికి వీధిలో అందరికీ డాక్టర్లు అదే మాట చెప్పేశారు. పెద్దమ్మ మళ్లీ ఫోను చేసింది. ఈసారి అరవలేదు. "నలభయ్యేళ్లుగా కాస్తున్నాన్రా. ఒక్కళ్లు వేలెత్తి చూపలేదు" అని పెట్టేసింది.

పరిగెత్తుకుంటూ బాబాయిగారి దగ్గరికి వెళ్లాను. "వచ్చే వారం మన దొంగకి తను పొరబడ్డాడని తెలుస్తుందండీ. ఆవిడ నెయ్యి స్వచ్ఛమైందేనని..."

ఆయన టీ గ్లాసు బల్ల మీద పెట్టేశారు. "అంటే మనోడు అమాయకురాలి ఇల్లు దోచాడంటావా?"

"అవునండీ."

"మెల్లిగా అనవయ్యా, ఎవరన్నా వింటారు! ఆవిడ మంచిదైతే మనోడు చెడ్డోడైపోడూ? మనోడు మంచోడుగా ఉండాలంటే ఆవిడ నేతిలో వనస్పతి ఉండి తీరాల్సిందే."

"ఆవిడ మా పెద్దమ్మండీ!"

"ఎవరైతే ఏంటయ్యా, రూలు రూలే. అమాయకుల జోలికి పోడు."

ఇక దొంగనే పట్టుకున్నాను. హీరోకి మేకప్ వేస్తుంటే చెవిలో విషయం ఊదాను. "ఏడుపుందా?" అన్నాడు. రెండు నిమిషాలుందండీ అన్నాను. "కాళ్ల మీద పడటం?" అదీ ఉందండీ అన్నాను. ఆరు నెలలుగా నవ్వుతూ గోడలు దూకి దూకి విసిగిపోయిన మనిషి, ఆ సీను తియ్యకపోతే మర్నాటి నుంచి రానని భీష్మించుకు కూర్చున్నాడు. తీశారు. దొంగ నగలు తిరిగి తెచ్చి ముసలావిడ కాళ్ల మీద పడి, "తప్పయిపోయిందమ్మా, చెప్పుడు మాటలు నమ్మాను" అని భోరుమన్నాడు. జిల్లా అంతా కళ్లు తుడుచుకుంది. దొంగని ఎవరూ అసహ్యించుకోలేదు సరికదా, ఇంకా నెత్తిన పెట్టుకున్నారు. బాబాయిగారు మాత్రం తన మాట పోయిందని నన్ను మర్నాడే ఇంటికి పంపేశారు.

ఉద్యోగం పోయినా విజేతలా చల్లపల్లి బస్సెక్కాను. నేను వెళ్లేసరికి పోస్టుమాస్టరుగారి భార్య స్టీలు క్యానుతో పెద్దమ్మ వసారాలో కూర్చుని ఉంది. "ఆ అబ్బాయే పెద్ద మనసు చేసుకుని వచ్చి దణ్ణం పెట్టాక ఇంకా మాకేంటి వదినా" అంటోంది. (తన డాక్టరుగారి సంగతి ఎత్తలేదు.) ఆవిడ వెళ్లాక నేను కాలు మీద కాలేసుకుని, "చూశావా పెద్దమ్మా?" అన్నాను.

"చూశాన్రా. తప్పయిపోయిందమ్మా అని ఆ దొంగబ్బాయి ఎంత బాగా అన్నాడో! నాకూ కళ్లమ్మట నీళ్లొచ్చాయి."

"ఆ మాట రాసింది నేనే."

"నువ్వే రాశావులే," అంది పెద్దమ్మ నా వంక చూడకుండా. "మరి నువ్వెప్పుడంటావురా?"

నా కాలు దానంతటదే కిందికి దిగింది. ఆర్నెల్లలో పేజీలకు పేజీలు మాటలు రాసినవాణ్ణి, "తప్పయింది... అంటే, అప్పుడు టైము లేక... తప్పే పెద్దమ్మా" అని నేల చూపులు చూస్తూ నసిగాను. పెద్దమ్మ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేసింది.

"ఆ అబ్బాయే బాగా అన్నాడ్రా," అంది.