తెల్ల పేజీ మీద తెల్ల రామకోటి

డిగ్రీ అయ్యాక హిందూపురంలో ఒక నెట్ సెంటర్‌లో పనికి కుదిరాను. పొద్దున ధర్మవరంలో రైలెక్కడం, సాయంత్రం రైల్లోనే ఇల్లు చేరడం. మగ్గం వదిలిపెట్టి కూతురు రోజూ ఊరు దాటడం నాయనకు గిట్టలేదు. "మన చీరలకు ఇంటర్‌నెట్‌లో పేజీ పెడతా నాయనా, ముక్కూమొగం తెలియనోళ్ళు వెతుక్కుంటా వస్తారు" అని కోతలు కోశాను. ఆయన ఆ మాటే పట్టుకున్నాడు.

"సరే పాపా. దీపావళి లోపల ఒక్కరన్నా రావల్ల. రాకపోతే రైలు బందు. మగ్గం కాడ కూర్చో."

రైలు బందంటే నాకు ఊపిరి బందు. ఇంక చూడండి నా తిప్పలు! ఒకసారి పేజీ పేరు మార్చాను. ఇంకోసారి బొమ్మలు తగ్గించాను, మరోసారి అక్షరాలు లావు చేశాను. ఏది మారిస్తే సెర్చ్ ఇంజన్‌లో పైకొస్తామో తెలియాలని ఒకసారికి ఒక్కటే మార్చి, నోట్‌బుక్‌లో రాసుకుని, రోజూ వెతుక్కునేదాన్ని. ఎంత వెతికినా మేము అట్టడుగునే.

ఒక ఆదివారం మా అవ్వ ఎర్రసిరాతో రామకోటి రాస్తోంది. అదే పేరు, పేజీ నిండా. నా బుర్రలో బల్బు వెలిగింది. మర్నాడే తెల్ల పేజీ మీద తెల్ల అక్షరాలతో 'ధర్మవరం పట్టుచీర' అని ఇంగ్లీషులో వందలసార్లు కొట్టాను. మనుషులకు కనిపించదు, ఇంజన్ మాత్రం చదువుకుంటుంది!

కొన్నాళ్ళకు మొదటి పేజీలో ఏడోవాళ్ళం! సెంటర్లో అందరికీ మైసూర్‌పాక్ పంచాను. ఆ సంబరంలో ధర్మవరమనుకుని పెనుకొండలోనే రైలు దిగేసి, బస్సు పట్టుకుని ఇల్లు చేరాను. అయినా నవ్వు ఆగదే!

పది రోజులు ఏలాను. పదకొండో రోజు వెతికితే మా పేజీ లేదు. ఏడో చోటా లేదు, అట్టడుగునా లేదు. తెల్ల అక్షరాల దొంగాటను ఇంజన్ పట్టేసి మమ్మల్ని తీసేసింది. ఏడుపు ముఖంతో ఇంటికొచ్చి జరిగింది చెప్పాను.

నాయన పట్టుదారం చుడుతున్న ఆసు పక్కన పెట్టాడు. "పడుగులో పట్టు పెట్టి పేకలో నూలు దాస్తే బయటపడదా? కనపడకుండా రాసినావంటేనే మోసం కదా!"

అవ్వ కళ్ళజోడు తీసింది. "నేను దేవునికి రాస్తాండా. నువ్వు ఎవురికి రాస్తాండావే? చీర కట్టేటోళ్ళకు పనికొచ్చేది రాయి. పట్టు మీద నెయ్యి పడితే ఏం చేయల్లో ఎంతమందికి తెలుసు?"

సిగ్గేసింది, వెంటనే ఉత్సాహమూ వచ్చింది. దొంగ అక్షరాలన్నీ పీకేశాను. మరకకు శనగపిండి చల్లడం, మూణ్ణెల్లకోసారి మడత మార్చడం, అవ్వ చెప్పింది చెప్పినట్టు 'మా అవ్వ అంటుంది' అని నాకొచ్చిన ఇంగ్లీషులో రాసి, కింద ఇంటి ఫోన్ నంబరు పెట్టాను. కొన్ని వారాలకు మా పేజీ మళ్ళీ వెతుకులాటలో తేలింది.

దీపావళికి ముందురోజు ఫోన్ మోగింది. ఎవరో హైదరాబాదు ఆమె. "పేజీలో రాసిన అవ్వగారు ఉన్నారాండీ?" పెళ్ళిచీర మీద నెయ్యి ఒలికిందట, ఎక్కడో కొన్న చీర. అవ్వ రిసీవర్ చేత్తో పట్టుకుని, ఎదురుగా ఉన్నట్టే గట్టిగా అరుస్తూ అంతా చెప్పింది. ఆమె సంతోషపడి పెట్టేసింది.

నాయన నావైపు చూశాడు. "మన చీర అడిగిందా?"

"లేదు నాయనా." అబద్ధం చెబుదామనే ఉంది, నోరు రాలేదు. రైలు పోయింది అనుకున్నాను.

ఆయన లేచి మగ్గం మీది చీర జరీ అంచును వేలితో రుద్దాడు. తర్వాత అన్నాడు: "పుస్తకం తీసుకో. అసలు జరీ యాదో, నకిలీ యాదో ఎట్ల కనుక్కోవల్లో చెప్తా. పండగ అయినాక హిందూపురం పోతావు కదా, ఇదీ రాయి."