కోరుట్ల పక్క పల్లెలో చిన్నమ్మ ఆపిన మైకు

కోపం చల్లారాక రాద్దామని వారం ఆగాను. చల్లారలేదు, అందుకే రాస్తున్నాను. మా చిన్నమ్మ ఏలీషమ్మది కోరుట్ల పక్కన చిన్న పల్లె. ఆమె ఇంటి వాకిట్లో దేవుణ్ణి తెలుసుకోవాలనుకునే ఊరివాళ్ల కోసం ఒక కూడిక పెట్టుకున్నారు. మాట్లాడటానికి నగరం నుంచి ఒక బోధకుణ్ణి పిలిచారు. "మా గల్లీల లక్ష్మి గూడ అస్తనన్నది బిడ్డా. నువ్వు పక్కకుంటే ఆమెకు ధైర్యం" అని చిన్నమ్మ ఫోన్ చేసింది. సిరిసిల్లలో మిషన్ కుట్టుకునే నేను ఆ రోజుకు షాపు మూసి బయలుదేరాను.

సిరిసిల్ల నుంచి పొద్దున్నే వేములవాడకు, అక్కడి నుంచి చందుర్తి, రుద్రంగి మీదుగా కోరుట్లకు బస్సులో వెళ్లాను. ఆడవాళ్లు ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్టే. జగిత్యాల వైపు నుంచి వచ్చేవాళ్లకు ఇంకా సులువు, కోరుట్లకు బస్సులు ఎక్కువ. అక్కడి నుంచి పల్లెకు షేర్ ఆటో, ముప్పై రూపాయలు. ఆటో అతను ఆ ఊరివాడే.

"ఏసయ్య మీటింగుకా అక్కా? మా లక్ష్మక్క గూడ అస్తదట. జర మంచిగ మాట్లాడుండ్రి ఆమెతోని. ఆమె పెనిమిటి దుబాయ్‌ల సచ్చిపోయి శవపెట్టెల అచ్చిన సంది ఇల్లు దాటలే."

నేను పోయేసరికి వెనక పెద్ద గిన్నెలో బగారన్నం దింపుతున్నారు. లక్ష్మి రైతు కుటుంబపు కోడలు, చిన్నమ్మ వీధిలోనే ఉంటుంది. భర్త శవం వచ్చిన నాటి నుంచి చిన్నమ్మ రోజూ వాళ్లింటికి పోయి ఆమె తల దువ్వేది, ఇంత తినిపించేది. దేవుడి మాట ఒక్కటీ ఎత్తలేదు. ఒకనాడు లక్ష్మే అడిగిందట: "నువ్వు మొక్కే దేవుడు ఎట్లుంటడు పెద్దమ్మా?" అలా వచ్చిందామె ఆ వాకిట్లోకి. నా పక్కనే చాప మీద కూర్చుంది.

బోధకుడు కారు దిగి, పాటలయ్యాక మైకు అందుకున్నాడు. లక్ష్మి సంగతి ఎవరో అప్పటికే ఆయన చెవిలో వేసినట్టున్నారు. ఆమెను లేచి నిలబడమన్నాడు. నిలబడింది.

"అమ్మా, నీ భర్త బతికుండగా నువ్వు ప్రభువును నమ్మి ఉంటే ఈ రోజు ఈ గతి పట్టేదా?"

ఆ మాట రెండు స్పీకర్లలోంచి ఊరంతా వినపడింది. లక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. నా ఒళ్లు మండిపోయింది. కానీ నేను లేచేలోపే వంట దగ్గర నుంచి చిన్నమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నేరుగా పోయి స్పీకరు వైరు పీకేసింది.

"అమ్మా, దేవుని వాక్యానికి అడ్డం రాకూడదు" అన్నాడాయన.

"గది వాక్యమా అయ్యా? నువ్వు ఇసిరింది రాయి. నా కొడుకు బాప్తిస్మం తీసుకున్నోడే. మస్కట్ పోయి వాడు గూడ పెట్టెలనే అచ్చిండు. వాని నమ్మకంల ఏం తక్కువైందో చెప్పు. ఇందరి ముంగట చెప్పు!"

ఆయన మైకు కింద పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. చిన్నమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా లక్ష్మి ఇంటికి నడిచింది, వెనకే నేను.

లక్ష్మి గడపలో కూలబడి ఉంది. "నా పాపానికే సచ్చిండా పెద్దమ్మా?"

"కాదు. ఎందుకు సచ్చిండో నాకు తెల్వది, గా బోధకునికీ తెల్వది. నాకు తెలిసింది ఒక్కటే. ఏసయ్య తన దోస్తు సచ్చిపోతే సమాధి కాడ నిలవడి ఏడ్చిండు. ఏడ్చెటోళ్లతోని ఏడ్చే దేవుడు. గా దేవుణ్ణి తెలుసుకుంటనంటే రా, వద్దనిపిస్తే రాకు. నేనైతే రేపు గూడ అస్త, తల దువ్వుత."

"కొడుకు పోయినప్పుడు నీకు దేవుని మీద కోపం రాలేదా?"

"రాకెట్ల ఉంటది? మస్తు తిట్టిన. నన్ను తిట్టుకోనిచ్చిండు. విడిచిపెట్టి పోలేదు."

అప్పుడు ఏడ్చింది లక్ష్మి, గొంతెత్తి. చిన్నమ్మ ఆమె తలను ఒళ్లోకి తీసుకుంది. నేను లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చాను. అంతకంటే ఏం చేయాలో నాకు తెలియలేదు.

మేము తిరిగొచ్చేసరికి బోధకుడు భోంచేసి వెళ్లిపోయాడు. క్షమించమని కబురు కూడా పెట్టలేదు. ఇంత రాసినా ఆయన మీద నా కోపం తగ్గలేదు. దేవుణ్ణి ఎరగని మనిషి ఎంతో ధైర్యం చేసి గుమ్మం దాకా వస్తే, ఆ గుమ్మంలోనే నిలబెట్టి కొట్టే హక్కు ఎవరిచ్చారు? నేనూ ఆ దేవుణ్ణే నమ్ముతాను, అందుకే ఇంత మంట. నిన్న చిన్నమ్మ ఫోన్ చేసింది. ఆదివారం ప్రార్థనకు లక్ష్మి తనంతట తానే వచ్చిందట. మైకు లేదు, అయిదారుగురు ఆడవాళ్లంతే. అందరూ కళ్లు మూసుకున్నాక "దేవా, నేను లక్ష్మిని" అని ఒక్క మాట అన్నదట.

ఇలాంటి కూడికకు వెళ్లాలనుకునేవారికి ఒక్క సూచన: పాటలు మొదలయ్యే వేళకు కాదు, పొద్దున్నే వెళ్లండి. వంట దగ్గర కూర్చుని ఉల్లిగడ్డలు కోయండి. ఎవరింట్లో ఏ దుఃఖం ఉందో అక్కడ తెలుస్తుంది. దేవుడి గురించి మాట్లాడటం ఆ తర్వాతి సంగతి.