వెనకాల ట్రాక్టరు

మా ఊళ్ళో ఒక ఏడాది పాటు నన్ను ట్రాక్టరు నర్సమ్మ అన్నారు. ఆ పేరు ఎలా వచ్చిందో, ఎలా పోయిందో చెప్పాలంటే ముందు మా కొండ పరుగు గురించి చెప్పాలి.

మాది మిరప, పత్తి పండే ఊరు. నల్లరేగడి నేల. ఎటు చూసినా బల్లపరుపే, ఒక్క వైపు మాత్రం కొండవీడు వరసలో ఒక కొండ. మా ఊరి కుర్రాళ్ళు ప్రతి చలికాలం ఆ కొండ మీదుగా పరుగు పందెం పెడతారు. బడి మైదానంలో మొదలుపెట్టి, మిరప కల్లాలు దాటి, పత్తి చేల మధ్య నుంచి వెళ్ళి, కొండ ఎక్కి అవతల దిగి, చుట్టు తిరిగి మళ్ళీ బడికి చేరాలి. గుంటూరు నుంచి, నరసరావుపేట నుంచి, ఒంగోలు నుంచి కూడా జనం వస్తారు. అందరి వెనకాలా ఒక ట్రాక్టరు వస్తుంది. ఇక నా వల్ల కాదని కూలబడినవాళ్ళని వెనక తగిలించిన ట్రక్కులో ఎక్కించుకుని తెస్తుంది. దాన్ని తోలేది మా మరిది, మా ఆయన తమ్ముడు.

నేను మా ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సుని. బీపీలు చూడటం, పిల్లలకి టీకాలు వెయ్యడం ఎంత పనో, షుగర్ ఉన్నవాళ్ళని పట్టుకుని నడవండి నడవండి అని పోరడం అంతకంటే పెద్ద పని. ఎవరూ వినరు. నాకేమో ముక్కు మీద కోపం. కిందటేడు అలా కోపంలోనే, "మీకు చెప్పడం కాదు, చేసి చూపిస్తా" అని పరుగుకి పేరిచ్చాను. కొండ కిందదాకా ఎలాగో వెళ్ళాను. తలెత్తి పైకి చూశాను. అంతే, కాళ్ళలో సత్తువంతా ఆవిరైపోయింది. రాయి మీద కూర్చుండిపోతే మా మరిది చెయ్యిచ్చి ట్రక్కులోకి లాగాడు. నీళ్ళ టిన్నుల మధ్య కూర్చుని ఊరి నడిబజారులో ఊరేగాను.

మా వీధి మామ్మ ఒకావిడ ఉంది. షుగర్ ఎక్కువ, నోరు ఇంకా ఎక్కువ. మందులు కూడా అడిగి అడిగి వేయించాలి. ఆవిడ అరుగు మీద నుంచి వీధంతా వినపడేలా అంది.

"మమ్మల్ని నడవమని చెప్పి నువ్వు ట్రాక్టరెక్కావేంటే నర్సమ్మా!"

ఆ రోజు నుంచి నా మాటకి విలువ లేకుండా పోయింది. ఎవరికి నడవమని చెప్పినా పక్కవాళ్ళు ట్రాక్టరు చప్పుడు చేసేవాళ్ళు. మామ్మ పాదానికి చిన్న పుండు పడింది. కట్టు కడుతూ, ఇది మానాక రోజూ కాస్త నడవాలి మామ్మా అంటే, "నువ్వా కొండ ఎక్కి దిగి నీ కాళ్ళ మీద ఊళ్ళోకి రా, అప్పుడు నడుస్తా" అంది. నవ్వుతూనే అంది. కానీ నాకు నవ్వు రాలేదు. షుగర్ ఉన్న పాదానికి పుండు పడితే ఎందాకా పోతుందో నాకు తెలుసు. నేను ఈసారి కూడా ట్రాక్టరెక్కితే ఈవిడ ఇక జన్మలో నడవదు.

సత్తెనపల్లి వెళ్ళి బూట్లు కొనుక్కున్నాను. కాలవ కట్ట మీద తెల్లారుజామున పరిగెత్తడం మొదలుపెట్టాను. నా వెనక కుక్కలు, వాటి వెనక "ఎవరు తరుముతున్నారమ్మా?" అని చేలకి వెళ్ళే ఆడవాళ్ళు.

ఈ లోపు కుర్రాళ్ళు మా ఉపకేంద్రం ముందే కూర్చుని జెండాల గురించి కొట్టుకున్నారు. దారి పొడుగునా గుర్తుకి గుడ్డ పీలికలు కట్టాలి. పసుపు కడదామంటే ఒకడు లేచాడు, అది ఫలానా పార్టీ రంగని. నీలమంటే ఇంకొకడు లేచాడు. ఎరుపు కూడా ఒక పార్టీదే, పైగా ఎండుమిర్చి కల్లాల్లో కనపడదు. ఆకుపచ్చ మీద గొడవ గంటసేపు నడిచింది. చివరికి ఎవరికీ చెందని రంగు కావాలని తెలుపు ఖాయం చేశారు. అందరూ మెచ్చుకున్నారు, నేను కూడా. పత్తి చేలో తెల్ల గుడ్డ ఎలా కనపడుతుందని ఇంతమంది పత్తి రైతు బిడ్డల్లో ఒక్కడికీ తట్టలేదు.

పందెం రోజు పొద్దున మంచు బాగా పడింది. పంజాబీ డ్రెస్సు మీద ఎర్ర చున్నీ నడుముకి బిగించి కట్టుకుని వెళ్ళాను. ట్రాక్టరు మీద నుంచి మా మరిది మొదలుపెట్టాడు.

"వదినా, ఆ ఎర్ర చున్నీ తీసెయ్యి. ఎడ్లు బెదురుతాయి."

"నీ ట్రాక్టరు మోతకి బెదరని ఎడ్లు నా చున్నీకి బెదురుతాయా? నోరు మూసుకుని తోలు."

"ట్రక్కులో గడ్డి పరిచి పైన దుప్పటి కూడా వేశాలే. కిందటేడు గట్టిగా ఉందన్నావుగా."

ముందు వరసలో ఒక అమ్మాయి కాళ్ళు సాగదీసుకుంటూ ఉంది. పద్దెనిమిది ఉంటాయేమో. పొడుగాటి జడని మడిచి రిబ్బను కట్టింది. వాడరేవు పిల్లట, సముద్రం ఒడ్డున ఇసకలో పరిగెత్తి నేర్చుకుందట. కిందటేడు లేదు, ఇదే మొదటిసారి. విజిలు వేయగానే ఆ జడ ఒక్కసారి ఊగింది, ఆ తర్వాత కనపడలేదు. చివర పరిగెత్తేవాళ్ళకి ముందు పరిగెత్తేవాళ్ళు కనపడేది అంతసేపే. ఆపైన మనకి మిగిలేది వాళ్ళ బూట్ల అచ్చులే.

కల్లాల దగ్గర మిర్చి ఘాటుకి దగ్గు తెర వచ్చింది. చున్నీ అంచు ముక్కుకి అడ్డం పెట్టుకుని దాటాను. పత్తి చేల దగ్గరికి వచ్చేసరికి తడి రేగడి బూట్లకి అంటుకుని ఒక్కో కాలు రోకలంత బరువైంది. ముందు ఎవరూ లేరు. వెనక ట్రాక్టరు, డగడగమని. ఆ చప్పుడు వింటూ పరిగెత్తడం ఎలా ఉంటుందంటే, అప్పులవాడు ఇంటి ముందు కూర్చున్నట్టు ఉంటుంది.

ఒకచోట దారి రెండుగా చీలింది. తిన్నగా వెళ్ళే గట్టు మీద అందరి బూట్ల అచ్చులు. పక్కకి తిరిగే డొంక, అంటే చేల మధ్య బండ్లు నడిచే పల్లపు దారి, దాని మీద ఒక్క అడుగూ లేదు. నేను ఆగిపోయాను.

"ఏం వదినా, ఎక్కుతావా?"

"కాదురా అబ్బాయ్. కిందటేడు కొండ కింద నుంచి నన్ను ఏ దారిన తీసుకొచ్చావు?"

"ఈ డొంకమ్మటే."

"ఈ ఏడు గట్టు పక్కన పైరుందని డొంకమ్మటే పెట్టామన్నారుగా కుర్రాళ్ళు దారి? మరి వీళ్ళంతా అటు పోయారేంటి?"

వాడు ట్రాక్టరు మీద లేచి నిలబడి చూశాడు. తెల్లగా పగిలిన పత్తి చేను అంచున, ఒక కర్రకి తెల్ల గుడ్డ పీలిక కట్టి ఉంది. పట్టిపట్టి చూస్తే తప్ప అది గుడ్డో పత్తో తెలియదు. మొదట పరిగెత్తినవాళ్ళు చూసుకోకుండా తిన్నగా పోయారు, వాళ్ళ వెనక మందంతా పోయింది. మా మరిది నెత్తి కొట్టుకుని కుర్రాళ్ళకి ఫోను చేశాడు, మోటారుసైకిలు మీద వెళ్ళి వాళ్ళని వెనక్కి తిప్పమని.

"మరి నేనెవరి వెనక రావాలి వదినా? చివరున్నవాళ్ళ వెనక రమ్మన్నారు."

"నా వెనకే రా. నా పేరులో నీ ట్రాక్టరు ఎలాగూ ఉందిగా."

కొండ కింద ట్రాక్టరు ఆగిపోయింది. అవతల వైపు ఉంటానని చెప్పి రోడ్డు దారిన చుట్టు తిరిగి వెళ్ళాడు. ఆ మోత దూరమై, దూరమై, ఆగిపోయాక అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. కిందటేడు కూర్చున్న రాయి అక్కడే ఉంది. దాని వైపు చూడకుండా ఎక్కడం మొదలుపెట్టాను.

మేకలు నడిచే దారి అది. రెండు పక్కలా బలుసు పొదలు. పది అడుగులు వేశానో లేదో ముఖానికి సాలెగూడు తగిలింది. తుడుచుకుని ఇంకాస్త ఎక్కితే ఇంకోటి. మంచు బొట్లతో మెరుస్తూ దారికి అడ్డంగా, ఒకటి తర్వాత ఒకటి. ముందు చిరాకేసింది. తర్వాత ఒళ్ళు ఝల్లుమంది. ఈ గూళ్ళు తెగలేదంటే, ఈ పొద్దున ఈ దారిన ఎవరూ పోలేదు. నేనే మొదటిదాన్ని. పుట్టి బుద్ధెరిగాక బడిలో గానీ, ఆటలో గానీ, ఉద్యోగంలో గానీ నేను దేనిలోనూ ముందున్నది లేదు. అలాంటిది, ఒక కొండంత కొండ నా కోసం తలుపు తెరిచి పెట్టుకుని ఉంది. ఆ తర్వాత గూడు కనపడితే తెంచబుద్ధి కాక వంగి దాని కింద నుంచి దూరి వెళ్ళాను.

పైన, కొండెక్కినట్టు గుర్తుగా చేతికి దారం కట్టడానికి, రిటైరైన డ్రిల్లు మాస్టారు గొడుగేసుకుని కూర్చున్నారు. నన్ను చూసి గబుక్కున లేచారు.

"ఏమ్మా, నువ్వు ముందొచ్చావేంటి? మిగతావాళ్ళేరి?"

"దారి తప్పారండి."

"నువ్వు తప్పలేదూ?"

"నేను ట్రాక్టరు మీద వచ్చి నేర్చుకున్నానండి ఈ దారి."

ఆయన దారం కడుతుంటే కిందికి చూశాను. మంచు విడిపోతోంది. ఎర్రగా కల్లాలు, తెల్లగా పత్తి, మధ్యలో మా ఊరు, అగ్గిపెట్టంత మా ఉపకేంద్రం. నేను రోజూ ఇంటింటికీ తిరిగి అలిసిపోయే ఊరు ఇంతేనా అనిపించింది. అంతలోనే, ఇంత పెద్ద నేల మీద ఇంత చిన్న చోటులో ఇంతమంది బతుకుతున్నారా అని కూడా అనిపించింది. చేతులు జోడించాలనిపించింది, ఎవరికో తెలియదు.

అప్పుడు కింద డొంకలో రంగురంగుల చీమల బారులా వాళ్ళు కనపడ్డారు. అందరికంటే ముందు ఒకటే చుక్క, మిగతావాళ్ళకి చాలా దూరంగా. అది కొండ మొదట్లో మాయమై పొదల మధ్య తేలి, మళ్ళీ మాయమై, చూస్తుండగానే దగ్గరైంది. నేను అంతసేపు ఒగర్చి ఒగర్చి ఎక్కిన దారిని ఆ వాడరేవు పిల్ల మేకపిల్లలా ఎక్కి వస్తోంది. అడుగు పడ్డ చప్పుడే లేదు. ఊపిరి మాత్రం వినపడుతోంది, కుట్టుమిషను కుట్టినట్టు ఒకే లయలో. రాయి మీద కాలు ఆనిందో లేదో తెలియకుండానే రెండో కాలు పై రాయి మీద ఉంది. పక్కకి జరిగి దారిచ్చాను. దాటుతూ నా ముఖంలోకి ఒక చూపు చూసింది. ఆ చూపేమిటో నాకు అర్థం కాలేదు. మాస్టారు దారం కట్టీ కట్టకముందే అటు దిగిపోయింది.

ఎన్నో కాన్పులు చూశాను, ఎన్నో గుండెలు విన్నాను. మనిషి ఒంట్లో ఇంత ఉందని నాకు తెలియదు. కళ్ళు చెమర్చాయి. సిగ్గేమీ వేయలేదు.

ఆమె వెనక మిగతావాళ్ళు వచ్చారు, కుర్రాళ్ళు, కండలు తిరిగినవాళ్ళు, ముసలాయన ఒకరు, అందరూ ఎలా పరిగెత్తుతారో మొదటిసారి ముందు నుంచి చూశాను. ఒక్కొక్కరికీ పక్కకి జరుగుతూ నిలబడిపోయాను.

"సినిమా చూస్తున్నావా అమ్మా?" మాస్టారు కసిరారు. "అందరూ పోయారు. నువ్వే మళ్ళీ ఆఖరు. దిగు, దిగు!"

దిగడం ఎక్కడం కంటే కష్టమని ఎవరూ చెప్పలేదు. రాళ్ళు పట్టుకుని పక్కకి తిరిగి దిగాను. బూటులో బొటనవేలి గోరు ఊడుతున్నట్టు నొప్పి. కొండ కింద ట్రాక్టరు ఉంది. ట్రక్కు నిండా దారి తప్పి, కొండ దిగాక కూలబడినవాళ్ళు, నా కోసం పరిచిన గడ్డి మీద. మా మరిది ఈసారి ఎగతాళి చేయలేదు.

"వదినా, కాలు కుంటుతున్నావు. చాల్లే, ఎక్కు. కొండ ఎక్కి దిగావని నేను చెబుతాగా."

"నువ్వు చెబితే మామ్మ నమ్ముతుందా?"

వాడు గేరు వేశాడు. డగడగమని వెనకే వచ్చాడు. కాసేపు పరిగెత్తాను, కాసేపు నడిచాను, మళ్ళీ కల్లాల దగ్గర దగ్గుతూ ఏడ్చాను కూడా. బడి మైదానంలో షామియానా అప్పటికే విప్పుతున్నారు. గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కట్టు కట్టిన కాలు చాపుకుని మామ్మ కూర్చుని ఉంది. నా కాళ్ళ వైపు చూసింది, వెనక ట్రాక్టరు వైపు చూసింది, మళ్ళీ నా కాళ్ళ వైపు చూసింది.

"సరేలేవే. ఈ కట్టు విప్పే రోజేదో చెప్పు," అంది. ట్రాక్టరు నర్సమ్మ అన్న పేరు ఆ గేటు దగ్గరే పోయింది.

గీత దాటి నేల మీద కూలబడ్డాను. ఎవరో నీళ్ళ సీసా అందించారు. తలెత్తితే ఆ వాడరేవు పిల్ల. మెడలో పతకం ఉంది, ఇంకా ఇంటికి పోలేదు.

"ఆంటీ, మీకోసమే ఉన్నాను," అంది. "దారి తప్పి తిరిగొచ్చేటప్పుడు కొండ మీద మీ ఎర్ర చున్నీ కనపడింది. ఎవరో నాకంటే అంత ముందున్నారేంటని భయమేసింది. నేనెప్పుడూ కొండెక్కలేదు, ఇసకలోనే నాకు అలవాటు. మధ్యలో ఆగిపోదామనుకున్నా. మిమ్మల్ని అందుకోవాలనే ఎక్కేశా."

ట్రాక్టరు ఇంజను ఆపి మా మరిది దిగి వచ్చాడు. ఏమంటోంది వదినా ఆ అమ్మాయి అని అడిగాడు. నన్ను చూసి భయపడిందట అని చెప్పి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని లేచాను.