చేతులు చాలని చర్చి

న్యూజిలాండ్‌లోని టౌరంగా ఊళ్ళో నేను పనిచేసే వృద్ధుల హోమ్‌లో సాయంత్రం ఐదింటికే రాత్రి భోజనం పెట్టేస్తారు. ఆ తర్వాత నిద్రవేళ దాకా పెద్దవాళ్ళకి కాలక్షేపం నేనే. కోతలు కొయ్యడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. ఒకసారి తుఫానుకి కృష్ణా జిల్లాలోని మా పల్లె చర్చి రేకుల కప్పు లేచి పక్క ఊళ్ళో వాలిందనీ, ఆ ఊరివాళ్ళు దాని కింద ఆదివారం ఆరాధన కానిచ్చి సోమవారం భద్రంగా తిప్పి పంపారనీ చెప్పాను. అందరూ నవ్వారు. కిటికీ పక్కన కూర్చున్న ఇంగ్లండు మామ్మ మాత్రం నవ్వలేదు.

“మా చర్చి ఎక్కడికీ ఎగిరిపోదు. మేం పట్టుకుంటాం కదా,” అంది.

ఇక్కడ ఎంత పెద్దవాళ్ళనైనా పేరుతోనే పిలవాలి. తొంభై దాటిన మనిషిని అలా పిలవడానికి నాకు నోరు రాక, మామ్మగారూ అనేదాన్ని. అదేదో బిరుదనుకుని ఆవిడ మురిసిపోయేది.

పట్టుకోవడమంటే నిజంగానే పట్టుకోవడం. ఏటా సెప్టెంబరులో ఒక ఆదివారం వాళ్ళ ఊరివాళ్ళంతా చర్చి బయట నిలబడి, గోడలకేసి ముఖం పెట్టి, చేయీ చేయీ కలిపి చుట్టూ వలయం కడతారు. అది ఎక్కడా తెగకుండా మూసుకోవాలి. అప్పుడే పాట ఎత్తుకుంటారు. నన్ను మించిన కోతలరాణి దొరికిందనుకున్నాను. కానీ ఆవిడ చెప్పినదంతా నిజమే.

ఆ ఊరి చరిత్రంతా ఆవిడకి ఆ వలయంతోనే గుర్తు. గొర్రెల ఉన్నితో ఊరు బాగుపడ్డ కాలంలో తాహతుకి మించి కట్టుకున్న రాతి చర్చి అది. ఏదో మహమ్మారి వచ్చి పోయాక, మిగిలినవాళ్ళు వాగు అవతల ఇళ్ళు కట్టుకున్నారట. చర్చి పొలాల మధ్య ఒంటరిగా నిలిచిపోయింది. వాళ్ళమ్మ చిన్నప్పుడు వలయం రెండు వరసలు వచ్చేదట. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఒక్క వరసే వచ్చింది. మిగతావాళ్ళ పేర్లు చర్చిలోపల రాతిపలక మీదికి చేరాయి. బడి మూతపడ్డాక పిల్లలున్నవాళ్ళు టౌనుకి పోయారు. కొట్టూ మూతపడింది. ఖాళీ ఇళ్ళు లండన్‌వాళ్ళు కొనుక్కుని శనాదివారాలు వచ్చేవారు గానీ, ఆదివారం పొద్దున వాళ్ళకి తెల్లారేది కాదు. చేతులు చాలని చోట కండువాలు ముడేసి సాగదియ్యడం అప్పుడే మొదలైంది.

“మరి మీరెందుకు వచ్చేశారు మామ్మగారూ?”

“పెళ్ళయింది, ఓడెక్కాను. నా ఒక్కదాని చేతులు లేకపోతే ఏమవుతుందిలే అనుకున్నాను. అందరం అలాగే అనుకున్నాం.”

కిందటేడు ఆవిడ మేనకోడలు ఫోన్ చేసింది. చర్చి మూసేస్తున్నారు. ఎవరో కొనుక్కుని ఇల్లు చేసుకుంటారట. ఆ సెప్టెంబరుదే ఆఖరి వలయం, వీడియోలో చూపిస్తానంది. ఆ రోజు నుంచీ మామ్మకి తిండి సయించలేదు. “వలయం మూసుకోవడం ఒక్కసారి చూస్తే చాలు,” అనేది. పైకి లేవనెత్తినా అదే మాట, పడుకోబెట్టినా అదే మాట.

ఆ ఆదివారం మా తెలుగు నర్సమ్మాయి వచ్చి సిగ్నల్ చూసింది. “ఆంటీ, రూమ్‌లో వైఫై వీక్. లాంజ్‌లో పెట్టండి. ఇవాళొక్కరోజూ మీ కోతలు ఆపండి, ప్లీజ్.”

“ఇవాళ సెలవేనమ్మా.”

“మీ నోటికి సెలవా! కేలండర్‌లో రాసుకోవాలి.”

అక్కడి పాస్టరు అయ్యగారు చాలా ఊళ్ళు తిరగాలి కాబట్టి వీళ్ళకి పొద్దున్నే వేళ ఇచ్చారు. మాకప్పుడు చీకటి పడింది. ఫోన్లో తడిగడ్డి, పక్కకి ఒరిగిన సమాధి రాళ్ళు, వానకోట్లలో ముసలివాళ్ళు, ఒక కుక్క.

“అంత ఇరుగ్గా నిలబడతారేం? చేతులు బార్లా చాపమను!” అని మామ్మ ఇక్కణ్ణుంచే గదమాయించింది. అంతలో ఆగిపోయింది. “ఫోను ఎవరు పట్టుకున్నారే?”

“నేనే అత్తా.”

“నీ చేతులు అక్కడ కావాలి. దాన్ని జేబులో పడేసి వెళ్ళి నిలబడు.”

“నీకేం కనబడదు అత్తా!”

“నేను చూడకపోతే ప్రళయమేం రాదు. వెళ్ళు!”

తెర నల్లబడింది. జేబులో గుడ్డ రాసుకుంటున్న చప్పుడు. ఎవరో “ఇంకొంచెం లాగు, ఇంకొంచెం” అంటున్నారు. కుక్క మొరిగింది. ఎంతసేపటికీ పాట వినబడదు. మామ్మ మెడ చాచి ఫోను మీదికి వంగిపోయింది. ఆఖరికి పాట మొదలైంది, సన్నగా, ఎవరికి తోచినట్టు వాళ్ళు అందుకుంటూ.

ఈలోపు నేను ఊరుకోలేదు. రోడ్డు మీద పోతున్న సైకిళ్ళవాళ్ళు హెల్మెట్లతోనే దిగొచ్చి చేతులు కలిపినట్టు మనసులో కథ కట్టేశాను. మేనకోడలు నోరు మెదపకపోతే చాలు, వలయం నేను మూసేద్దును.

మేనకోడలి ముఖం తెర మీదికొచ్చింది. అంతా తడి. “కలవలేదు అత్తా. కండువాలన్నీ ముడేశాం, అయినా అందలేదు. అయ్యగారు ఇక పాడేద్దామన్నారు.”

“ఎక్కడ తెగింది?”

“ఉత్తరపు గోడ దగ్గర. నువ్వూ నాన్నా నిలబడేవాళ్ళమని చెప్పేవారే, అక్కడ.”

మామ్మ తలూపింది. అందరికీ తన దండాలు చెప్పమని, జలుబు చేస్తుంది తల తుడుచుకోమని చెప్పి ఫోన్ పెట్టేయమంది.

గదిలోకి తీసుకెళ్ళి మంచం మీద కూర్చోబెట్టాను. గోడకేసి తిరిగి కూర్చుంది. తర్వాత, “నీ దగ్గర ఏదో ఒక కథ ఉండే ఉంటుందే,” అంది.

“ఉంది మామ్మగారూ. చెప్పనా?”

“వద్దులే,” అని, చెవి మిషన్లు రెండూ తనే తీసి నా చేతిలో పెట్టింది.