ఆఖరి మలుపులో బ్రేకు

కొన్నేళ్లుగా నేను మోస్తున్నది, బయటికి చెబితే, చాలా చిన్నదిగా వినిపిస్తుంది. ఒక మలుపు. అక్కడ బ్రేకు తొక్కాలా, అక్కర్లేదా అన్న సంగతి. ఇంతేనా అని మీరు అనుకోవచ్చు. నేనూ అలా అనుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. ఇంతే అయితే, కరుణ జ్ఞాపకార్థ కూడికలో అందరూ ఏడుస్తుంటే నేను మాత్రం తల వంచుకుని నా ఎడమకాలి వైపు చూస్తూ ఎందుకు కూర్చున్నాను?

కరుణ నా తమ్ముడి భార్య. నాకంటే చిన్నది. మదనపల్లెలో మా ఇంటి ముందు గదిలో జాకెట్లు కుట్టేది. నేను కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని. పెళ్లి చేసుకోలేదు, వాళ్లతోనే ఉండేదాన్ని. ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నాను. ఆమె మాటకారి. నేను పుస్తకం పట్టుకుని మూల కూర్చునే మనిషిని.

పుంగనూరు రోడ్డు పక్కన నాగరాజప్ప అనే రైతు టమోటా రేట్లతో విసిగిపోయి, పొలంలో కొంత చదును చేయించి, గో కార్టుల, అంటే నేలను అంటుకున్నట్టుండే చిన్న రేసు బండ్ల, ట్రాకు పెట్టాడు. మొదటిసారి మేము అక్కడికి వెళ్లింది తమ్ముడి పిల్లల కోసం. పిల్లలు రెండు రౌండ్లు తిరిగి ఐస్‌క్రీం దగ్గరికి పోయారు. మేమిద్దరం మాత్రం ఎక్కిన బండ్లు దిగలేదు. ఆ తర్వాత ఆదివారం ఆరాధన కాగానే పుంగనూరు బస్సు ఎక్కడం మాకు అలవాటైంది. నాకు యాభై దాటాయి, ఆమెకు దగ్గర పడుతున్నాయి. చుడీదార్లు, బూట్లు, హెల్మెట్ల కింద ముడివేసిన జడలు. నాగరాజప్ప మొదట నవ్వాడు. తర్వాత నవ్వడం మానేశాడు. కౌంటరు పక్క గోడ మీద, అందరికన్నా తక్కువ టైములో తిరిగినవాళ్ల పేర్లు రాసే బోర్డులో, ఆడవాళ్ల వరుసలో మొదటి రెండు పేర్లూ మావే. బెంగళూరు నుంచి వచ్చే కుర్రాళ్లలో కూడా మా టైము అందుకున్నవాళ్లు కొద్దిమందే. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. నేను చేసిన తప్పు చెబుతున్నాను కాబట్టి నాకున్న గర్వం దాచుకోవాలని నాకు అనిపించడం లేదు. అది నిజం, ఇదీ నిజం.

ఆ బండ్ల గురించి కాస్త చెప్పాలి. వాటికి గేర్లు ఉండవు. కుడికాలికి యాక్సిలరేటరు, ఎడమకాలికి బ్రేకు. ఇంజను చిన్నది. ఒకసారి వేగం పోగొట్టుకుంటే తిరిగి రావడానికి చాలా దూరం పడుతుంది. అందుకని ఉన్న వేగం జారిపోకుండా మలుపు తిరగగలిగినవాళ్లదే మంచి టైము. ఇదంతా నేను చదివి తెలుసుకున్నాను. చదివింది ట్రాకు మీద ప్రయత్నించి, కరుణకు నేర్పాను. బ్రేకు తొక్కేది బండి నేరుగా ఉన్నప్పుడే, స్టీరింగు చక్రం తిప్పాక కాదు. చక్రం ఒకేసారి, నెమ్మదిగా తిప్పాలి. మలుపులో ఉన్నప్పుడు కళ్లు మలుపు మీద కాదు, బయటికి వచ్చే చోట ఉండాలి. టైర్లు గట్టిగా అరిచాయంటే వేగం పోతోందని అర్థం.

నాకు నెలలు పట్టినది ఆమెకు ఒకటి రెండు ఆదివారాల్లో వచ్చేది. మోటారు కుట్టుమిషను తొక్కిన కాలు కదా, ఎంత నొక్కాలో ఆ కాలికే తెలిసేది. కాలేజీలో ఇన్నేళ్లు ఎంతోమందికి పాఠం చెప్పాను. అంత బాగా నేర్చుకున్న మనిషి ఇంకొకరు లేరు.

ఆఖరి మలుపు వెడల్పుగా ఉంటుంది. దాని తర్వాత, రౌండు ముగిసే గీత దాకా పొడవైన నేరు దారి. మలుపుకు ముందు అంచున ఒక నీలం డ్రమ్ము ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లందరికీ నాగరాజప్ప చెప్పేవాడు, డ్రమ్ము కాడ బ్రేకు తొక్కండి, లేకుంటే టైర్ల గోడలో పడతారు అని. నేను కరుణకు అదే చెప్పాను. అప్పుడు అది అబద్ధం కాదు. నేనూ అక్కడ తొక్కేదాన్ని.

పెళ్లిళ్ల రోజుల్లో ఒక ఆదివారం ఆమెకు జాకెట్ల పని ఎక్కువై రాలేదు. నేనొక్కదాన్నే వెళ్లాను. ఆ రోజు నా ఎడమ బూటు అడుగుభాగం ఊడి, పెడల్ కింద ఇరుక్కుంది. డ్రమ్ము దగ్గర బ్రేకు పడలేదు. భయంతో కుడికాలు పైకి తీశాను, చక్రం తిప్పాను. పడిపోతాననుకున్నాను. బండి నిలబడింది. బయటి అంచు దాకా వచ్చి, అక్కడినుంచి అంతకుముందు ఎప్పుడూ లేనంత వేగంతో గీత దాటింది. బూటు సరిచేసుకుని మళ్లీ వెళ్లి, ఈసారి కావాలని బ్రేకు తొక్కకుండా తిరిగాను. మళ్లీ నిలబడింది. ఆ మలుపుకు బ్రేకు అక్కర్లేదు. కాలు ఒక్క క్షణం తీస్తే చాలు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆమె హుక్కులు కుడుతూ కూర్చుని ఉంది. ఎట్ల తిరిగినావు వదినా అని అడిగింది. బాగా తిరిగాను అన్నాను. చెప్పవలసిన మాట నాలుక మీదే ఉంది. చెప్పలేదు. ఎందుకు? అన్నం తిన్నాక చెబుదామనుకున్నాను. తర్వాత వచ్చే ఆదివారం ట్రాకు మీదే చూపిద్దామనుకున్నాను. ఇవి నేను ఆ రోజు నాకు చెప్పుకున్న కారణాలు. అసలు సంగతి ఏమిటంటే, అప్పటికే ఆమె నాకు ఎంత దగ్గరగా వచ్చేసిందో నాకు తెలుసు, ఆ ఒక్క మాట చెబితే బోర్డు మీద నా పేరు ఇక పైన ఉండదని కూడా తెలుసు. జీవితంలో ఏ వరుసలోనూ నేను మొదట లేను. ఇది సాకుగా చెప్పడం లేదు.

చెప్పకపోవడం ఒక ఎత్తు. తర్వాత చేసింది ఇంకొక ఎత్తు. నేర్చుకోవడానికి ఆమె నా వెనకే బండి నడిపేది, నేను ఎక్కడ కాలు తీస్తానో, ఎక్కడ తిప్పుతానో చూస్తూ. ఆమె వెనక ఉన్నప్పుడు నేను డ్రమ్ము దగ్గర బ్రేకు తొక్కేదాన్ని. ఆమెకు కనిపించేలా తొక్కేదాన్ని. ఆమె పక్కకు వెళ్లాకే, ఒంటరిగా తిరిగేటప్పుడే, కాలు తీసి పోయేదాన్ని. నోటితో ఆడిన అబద్ధాన్ని మనసు మార్చుకుని సరిదిద్దుకోవచ్చు. నేను ఆదివారం తర్వాత ఆదివారం కాలితో అబద్ధం ఆడాను.

కుప్పంలో అంతకన్నా పెద్ద ట్రాకు ఒకటుంది. ఒక ఏడాది వాళ్లు పోటీ పెట్టి, చుట్టుపక్కల ట్రాకుల నుంచి ఒక్కొక్క మహిళను పంపమన్నారు. పోటీ నాటికి బోర్డులో ఎవరు పైన ఉంటే వాళ్లే పోతారని నాగరాజప్ప తేల్చేశాడు. కరుణకు ఆ పోటీకి వెళ్లాలని ఎంత ఉండేదో నేను చెప్పలేను. మిషను మీద కూర్చున్నప్పుడు కూడా ఆమె కాలు ట్రాకు తిరుగుతూ ఉండేదని తమ్ముడు అనేవాడు. ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం, ట్రాకు పక్క రేకుల కింద కూర్చున్నప్పుడు, ఆమె అడిగింది.

“వదినా, ఒకటి అడగతా, నిజం సెప్పు.”

“ఏంది?”

“ఆ ఆఖరి మలుపులో నువ్వు బ్రేకు తొక్కతాండావా?”

నేను నీళ్ల సీసా మూత తిప్పుతున్నాను. తిప్పుతూనే ఉన్నాను.

“తొక్కకుంటే టైర్లలో పడతాను కదా.”

“డ్రమ్ము కాడేనా?”

“డ్రమ్ము కాడే.”

“అదే నాకు తెలీడం లేదు. నీ ఎనకాల వస్తే నీకు అంటుకొనే వస్తాండాను. నువ్వు ఒంటిగా తిరిగితే మాత్రం నీ టైము తగ్గిపోతాండాది. నన్ను సూస్తే నీకు భయమా ఏంది?”

“నిన్ను సూసి నేనెందుకు భయపడతాను?”

“ఏమో మరి.” నడుము మీద తట్టుకుని నవ్వింది. “ఇదే అయ్యుంటాది. మీ తమ్ముడు తెచ్చే బిర్యానీ అంతా ఈడ కూర్చోనుండాది. ఇంక ముట్టను. సూడు, కుప్పానికి నేనే పోతా. నువ్వు నా హెల్మెట్టు మోసుకొని రా.”

“మోస్తాలే,” అన్నాను.

నిజం చెప్పు అని అడిగింది. నిజం చెప్పడానికి అంతకంటే తేలికైన రోజు నాకు దొరికేది కాదు. ఆ తర్వాత ఆదివారాలు మేము బిర్యానీ తింటుంటే ఆమె మజ్జిగ తాగి లేచేది. బరువు కొంచెం తగ్గింది. టైమూ కొంచెం తగ్గింది. నేను ఆమెను మెచ్చుకున్నాను. ఎదురుగా కూర్చుని తింటూ మెచ్చుకున్నాను.

పోటీ కోసం ఎర్ర గుడ్డతో ఒక కోటు కుట్టింది. వీపు మీద పుంగనూరు అని తెల్ల దారంతో రాసింది. ఎవరి కొలతకు అని అడిగితే, లోపల గుడ్డ వదిలి కుట్టానని, ఎవరు పోతే వాళ్లకు పట్టించవచ్చని చెప్పింది. చివరికి కనురెప్ప వేసేంత తేడాతో నా పేరే పైన ఉంది. ఆ రాత్రి ఆమె నన్ను నిలబెట్టి, నోట్లో గుండుసూదులు పెట్టుకుని, ఆ కోటు నా కొలతకు కుదించింది. ముఖం చిన్నబుచ్చుకోలేదు. ఒక్కసారి మాత్రం గుడ్డ మీద చెయ్యి పెట్టి కాసేపు ఆగింది.

కుప్పంలో నేను రెండోదాన్నయ్యాను. నా హెల్మెట్టు ఆమె మోసింది. తిరుగు బస్సులో నాకిచ్చిన కప్పు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వెంకటగిరికోటలో ఎక్కిన ఒకావిడ అడిగింది.

“ఏంది మా అది, పాటల పోటీనా?”

“కార్ల పందెం మా.”

“కార్లా! ఎవురు, నువ్వా తోలింది?”

“మా వదిన. నాకు నేర్పించింది కూడా ఈమే,” అంది కరుణ.

నేను కిటికీలోంచి బయటికి చూశాను.

తర్వాత ఎన్నో ఆదివారాలు గడిచాయి. ఎప్పుడైనా చెప్పవచ్చు. కానీ ఇప్పుడు చెబితే అప్పుడు ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకు భయపడి ఇంకొక ఆదివారం. ఇలా పోతూ ఉండగా, పోయిన ఏడాది, మిషను ముందు కూర్చున్న మనిషి పక్కకు ఒరిగిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. మాట మళ్లీ రాలేదు. ఆస్పత్రిలో నేను ఆమె పాదం పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు కూడా చెప్పలేదు, తమ్ముడు పక్కనే ఉన్నాడు.

ఆమెకు తెలిసే ఉంటుందేమో, తెలిసీ నన్ను క్షమించిందేమో అనుకోవడం నాకు హాయిగా ఉంటుంది. కానీ అది నిజం కాదు. తెలిసుంటే కరుణ ఊరుకునే మనిషి కాదు. నన్ను తిట్టేది, పగలబడి నవ్వేది, ఆ వచ్చే ఆదివారమే నన్ను ఓడించేది. ఆమెకు తెలియదు. నన్ను నమ్మింది.

జ్ఞాపకార్థ కూడికలో పాస్టరుగారు ఆరాధనలో ఆమె పాడే పాటల గురించి, కుట్టు గురించి చెప్పి, వాళ్ల వదినే ఆమెకు బండి నేర్పింది అని నా వైపు చూపించారు. అందరూ మెచ్చుకోలుగా తలలు ఊపారు. ఆ తర్వాత వచ్చిన ఆదివారం నేను ఎర్ర కోటు తీశాను. కుట్ల లోపల ఆమె వదిలిన గుడ్డ అలాగే ఉంది. అది వేసుకుని పుంగనూరు బస్సు ఎక్కాను.

ఆ రోజు నేను ఆమె నడిపినట్టే నడపాలనుకున్నాను. ప్రతి రౌండులోనూ నీలం డ్రమ్ము దగ్గర, నేను ఆమెకు నేర్పిన చోట, బ్రేకు తొక్కాను. మిగతా మలుపుల్లో నాకు తెలిసిందంతా పెట్టాను. ఆగి, నీళ్లు తాగి, మళ్లీ వెళ్లాను. పొద్దు వాలేదాకా తిరిగాను. ఆమె టైముకు దగ్గరగా కూడా రాలేకపోయాను. అప్పుడు నాకు పూర్తిగా తెలిసింది. ప్రతి రౌండులో నేను ఆమె దగ్గర దొంగిలించినదాన్ని, ఆమె మిగతా అన్ని మలుపుల్లో కూడబెట్టి, గీత దగ్గరికి వచ్చేసరికి ఒక కనురెప్పపాటు తప్ప అంతా తిరిగి తెచ్చేసుకునేది. కాలికి బరువు కట్టుకుని పరిగెత్తి, నా పక్కకు వచ్చింది. ఆ బరువు కట్టింది నేను. బండిలో కూర్చుని నేను ఏడవలేదు. నాకు ఆమెను చూసి గర్వం కలిగింది. ఒళ్లంతా నిండేంత గర్వం. నేను నేర్పిన మనిషి అది. ఆ గర్వానికి నాకు హక్కు ఉందా? లేదనే అనుకుంటాను. కానీ గర్వం ఉంది, అది పోవడం లేదు.

కౌంటరు దగ్గరికి వెళ్లి, బోర్డులో కరుణ పేరు పైకి మార్చమన్నాను.

“యాల మా, ఎందుకు మార్చాల?” అన్నాడు నాగరాజప్ప.

“ఆమే ఫస్టు.”

అతను నన్ను జాలిగా చూశాడు. “పోయినోళ్ల మీద ప్రేమ ఉంటాది మా, కాదనను. కానీ మిషను సెప్పిందాన్ని నేనెట్ల మారుస్తా? టైము టైమే కదా.”

ఎందుకో చెబితే మార్చేవాడేమో. బోర్డు ముందు నిలబడి ఉన్నాను. హెల్మెట్టు కౌంటరు మీద పెట్టి, బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చేశాను. ఆమె పేరు ఇప్పటికీ రెండోదిగానే ఉంది.

అక్కడ చెప్పలేని మాట ఇక్కడ రాస్తున్నాను. రాసినందువల్ల ఏదీ మారదు. నా ఎడమకాలు మాత్రం కొంచెం తేలికపడినట్టు ఉంది.

మీరు ఎప్పుడైనా ఆ ట్రాకుకు వెళితే, డ్రమ్ము దగ్గర బ్రేకు తొక్కమని చెబుతారు. వినకండి. మలుపుకు ముందు బయటి అంచున ఉండండి. కళ్లు నేరు దారి మీద పెట్టండి. చక్రం ఒకేసారి, నెమ్మదిగా తిప్పండి. బ్రేకు అక్కర్లేదు, కాలు తీస్తే చాలు. బండి నిలబడుతుంది.