పోయేవాళ్లను అడగరాని మాట

చదువుకు జర్మనీ పోవాలని నాకు పిచ్చి. జర్మనీ మాట అటుంచి, చలిజ్వరం నన్ను మదరాసు కాలేజీ నుంచి కూడా లాక్కొచ్చి కర్నూల్లో పడేసింది. ఆ యేడంతా ఇంట్లోనే. కాలు ఒకచోట నిలిచేది కాదు. అరుగు మీది నుంచి ఇంట్లోకి, ఇంట్లోంచి అరుగు మీదికి తిరుగుతుంటే చూసేవాళ్లకు విసుగు పుట్టేది.

నాకు మందివ్వడానికి మిషను ఆస్పత్రి నుంచి వచ్చే నర్సమ్మ జర్మనీ మనిషి. ఈ ఊరొచ్చి చాలా ఏళ్లయింది, తెలుగు బాగా వచ్చు. తన భాష నేర్పమని ఆమె ప్రాణం తోడేశాను. చివరికి ఒక పాత వాచకం తెచ్చింది. మొదటి పాఠంలో ఒకడు "ఎక్కడికి పోతున్నావు?" అంటాడు, ఇంకొకడు "సంతకు" అంటాడు. ఆ సాయంత్రమే ఆమె చెప్పులు వేసుకుంటుంటే, నా పాండిత్యం చూపించుకుందామని ఆ ప్రశ్న జర్మనులో అడిగాను. ఆమె నవ్వి అమ్మకు అర్థం చెప్పింది. అమ్మ నవ్వలేదు.

"పోయేటోళ్లను యాడికని అడుగుతారేమిరా? పోయిన పని చెడిపోతాది. రామ్మా, కూచో. ఇన్ని నీళ్లు తాగి అప్పుడు పో."

ఆమె బుద్ధిగా కూర్చుని, నీళ్లు తాగి వెళ్లింది.

తర్వాత యుద్ధం వచ్చింది. జర్మనులందరినీ సర్కారు పట్టుకుపోతోందన్నారు. నాకు దిగులు పట్టుకుంది. పాఠం అప్పజెప్పడం కాదు, ఆమె వెళ్లేలోగా ఆమె భాషలో ఒక్కసారైనా నిజంగా మాట్లాడాలి. ఇంట్లో తిరుగుతూ మాటలు వల్లె వేశాను.

ఒక ఉదయం మా ఇంటి ముందు జట్కా ఆగింది. నర్సమ్మ చెప్పిపోదామని వచ్చింది, వెంట పోలీసు జవాను. అమ్మ కళ్లొత్తుకుంది. వల్లె వేసిన వాటిలో ఒక్క మాటా నాకు నోటికి రాలేదు. నా మీద నాకే ఒళ్లు మండింది.

"రైలుకు టైమయితాండాదమ్మా," అన్నాడు జవాను. ఆమె జట్కా ఎక్కింది.

నాకు మిగిలింది మొదటి పాఠం ఒక్కటే. అమ్మ పక్కనే ఉందని తెలిసీ గట్టిగా అదే అడిగాను.

ఆమె ఒక్క క్షణం నన్ను చూసింది. మెల్లగా దిగి వచ్చి అరుగు మీద కూర్చుంది.

"అమ్మా, మీవోడు యాడికని అడిగినాడు. ఇన్ని నీళ్లియ్యి."

జవానుదీ ఈ ఊరే. కాదనలేక తలపాగా తీసి తనూ కూర్చున్నాడు. "తాగనీలేప్పా," అన్నాడు జట్కావాడితో.

ఆమె తీరిగ్గా గుక్క గుక్కగా తాగింది. చెంబు అమ్మకిచ్చి, నా వైపు తిరిగి, నేనడిగినదానికి తన భాషలోనే జవాబు చెప్పింది.

"తెలియదు."

ఆ జవాబు వాచకంలో లేదు. అయినా నాకు అర్థమయింది.